ఓస్తెరియా దెల్ ఓసా: ఆరు వందల సమాధుల నుంచి ఒక సమాజాన్ని ఎంతవరకు చదవగలం?

కృష్ణాతీరం

రోము నగరంలో డయొక్లీషియన్ స్నానశాలల ఆవరణలో ఉన్న జాతీయ మ్యూజియంలో, లాటిన్ ప్రజల పూర్వచరిత్రకు కేటాయించిన విభాగం ఒకటి ఉంది. కొలోసియం, ఫోరం చూసి అలిసిపోయిన యాత్రికులు అక్కడిదాకా రారు కాబట్టి ఆ విభాగాన్ని తీరికగా చూసే వీలుంటుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఓస్తెరియా దెల్ ఓసా అనే శ్మశానంలో దొరికిన వస్తువులు. రెండు చేతుల్లో ఇమిడే మట్టి గుడిసె, దానికి వాలు కప్పు, కప్పు మీద వాసాల ఆకారాలు, ముందువైపు విడిగా తీసి పెట్టగలిగే తలుపు ఉన్నాయి. ఆ గుడిసెలోనే కాల్చిన ఎముకలు పెట్టేవారట. దాని చుట్టూ బొమ్మల కొలువులో పెట్టే లక్కపిడతలంత గిన్నెలు, చెంబులు, వేలెడంత కంచు ఈటె మొన ఉన్నాయి.

ఈ వేదికలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్న విషయాలు ఇవి. ఇలా దహనమైనవారు దాదాపు అందరూ వయోజన పురుషులేనని వివరణ పలకలో రాశారు. గుప్పెడు కాలిన ఎముకల నుంచి ఆ మాట ఎలా తేల్చారు? నిజమైన ఈటె పెట్టక బొమ్మ ఈటె ఎందుకు పెట్టారు? అన్నిటికంటే ముఖ్యంగా, "ఇది ఒక కుటుంబం, అది మరో కుటుంబం" అని మూడు వేల ఏళ్ళ తర్వాత ఏ ధైర్యంతో చెప్పగలుగుతున్నారు?

తవ్వకాల_చిట్టా

మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ తవ్వకానికి పేరు వచ్చిందే దాని వల్ల.

స్థలం రోముకు తూర్పున సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, ప్రెనెస్తీనా రహదారి పక్కన, ప్రాచీన గాబీ పట్టణానికి చేరువలో ఉంది. చల్లారిన అగ్నిపర్వతపు ముఖద్వారంలో ఏర్పడిన కాస్తిల్యోనె సరస్సు అక్కడ ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని ఎండగట్టి పొలాలుగా మార్చారు. ఆ సరస్సు ఒడ్డున ఉన్న శ్మశానాన్ని రోము పురావస్తు అధికార విభాగం తరఫున అన్నా మరియా బియెత్తి సెస్తియెరి 1971 నుంచి 1986 వరకు తవ్వించారు. సుమారు ఆరు వందల సమాధులు బయటపడ్డాయి. 1992లో ఇటాలియన్‌లో మూడు సంపుటాల పూర్తి నివేదిక, అదే ఏడాది ఇంగ్లీషులో విశ్లేషణ గ్రంథం వెలువడ్డాయి. అత్యధిక సమాధులు క్రీ.పూ. 9, 8 శతాబ్దాలకు చెందినవి. సంఖ్య చూసి పెద్ద పట్టణాన్ని ఊహించుకోకూడదు. తరాల మీద పంచి చూస్తే ఏ ఒక్క కాలంలోనైనా అది వంద మంది స్థాయి పల్లె మాత్రమే.

అంతకుముందు లాటియంలో, అంటే రోము చుట్టూ ఉన్న లాటిన్ ప్రజల ప్రాంతంలో, శ్మశానాలు దొరకలేదని కాదు. 1817లోనే కాస్తెల్ గాందోల్ఫో దగ్గర దొరికిన గుడిసె పాత్రల గురించి అలెస్సాండ్రో విస్కొంటి ప్రచురించాడు. అవి అగ్నిపర్వత శిల పొర కింద దొరికాయన్న మాట పట్టుకుని, జలప్రళయానికి ముందటివేమోనన్నంత వాదన కూడా అప్పట్లో నడిచింది. 1902లో రోము ఫోరంలోనే ఆంతొనీనుస్, ఫౌస్తీనాల గుడి పక్కన జాకోమో బోని నలభై దాకా సమాధులను ఆ కాలానికి ఆశ్చర్యం కలిగించేంత శ్రద్ధతో తవ్వాడు. అయితే ఒకచోట పది, మరోచోట ఇరవై దొరికితే పాత్రల శైలులను వరుసలో పెట్టవచ్చు గానీ, ఊరి అమరిక కనిపించదు. ఓసా తవ్వకంలో కొత్తదనం ఏమిటంటే, శ్మశానంలో విస్తారమైన భాగాన్ని ఒకే పద్ధతిలో, ఒకే బృందం తవ్వి, ప్రతి సమాధినీ దాని పొరుగు సమాధులతో కలిపి చదివింది.

తొలి దశను క్రీ.పూ. 9వ శతాబ్దపు ఆరంభ దశాబ్దాలుగా సంప్రదాయికంగా లెక్కిస్తారు. ఆ దశలో శ్మశానం మధ్యభాగంలో రెండు గుంపులు స్పష్టంగా విడివిడిగా కనిపిస్తాయి. ఉత్తరపు గుంపు, దక్షిణపు గుంపు అని వాటికి పేర్లు పెట్టారు. ప్రతి గుంపు నడిబొడ్డునా కొన్ని దహన సమాధులు దగ్గరదగ్గరగా ఉంటాయి. గుండ్రని గొయ్యి తవ్వి, అందులో తరచుగా పెద్ద మట్టి బాన దింపి, ఆ బానలో అస్థికల పాత్రను, చిన్న వస్తువులను పెట్టి మూసేవారు. వాటి చుట్టూ పొడవాటి గోతుల్లో ఖననం చేసిన ఆడవారు, యువకులు, మరికొందరు పురుషులు ఉంటారు. రెండు గుంపులూ ఒకే కాలానివి, ఒకే ఆచారానివి. అయినా పాత్రల ఆకారాల్లో, అలంకరణలో దేని అలవాటు దానిదే. ఒకే ఊళ్ళో, ఒకే మట్టితో, ఒకే కాలంలో చేసిన కుండల మీద గీతలు ఇటువైపు ఒకలా, అటువైపు ఒకలా ఉన్నాయంటే వాటి వెనుక రెండు విస్తృత కుటుంబాలు, లేదా రెండు వంశశాఖలు ఉన్నాయని బియెత్తి సెస్తియెరి ప్రతిపాదించారు.

బొమ్మ ఆయుధాల విషయానికి వస్తే, తొలి దశలో అవి దహన సమాధులకే ప్రత్యేకం; ఖననమైన పురుషుల దగ్గర ఆయుధాలు దాదాపుగా కనిపించవు. అందువల్ల ఈటె ఉన్నవాడు యోధుడు, లేనివాడు కాడు అని సరళంగా అర్థం చేసుకోవడం కుదరదు. దహనం, గుడిసె, చిన్న ఆయుధం, చిన్న పాత్రలు అనే నాలుగూ ఒకే కట్టగా వస్తాయి. మనిషి నిప్పులో రూపం మారి చిన్నదైపోయాక అతని ఇల్లు, పనిముట్లు, భోజనపాత్రలు కూడా అదే కొలతకు తగ్గిపోతాయి. ఇంటిపెద్ద హోదా ఉన్నవారికే ఈ మర్యాద దక్కిందని ఆమె వాదన. నాకు అది నమ్మదగినదిగానే తోస్తుంది.

అస్థిశాస్త్రం

మొదటి ప్రశ్నకు సమాధానం నా వృత్తి పరిధిలో ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తాను.

చితిలో ఎముక బూడిద అయిపోతుందన్నది అపోహ. బూడిద కట్టెలది, ఎముక ముక్కలవుతుంది. వేడిని బట్టి దాని రంగు గోధుమ, నలుపు, బూడిద రంగు, చివరకు సున్నపు తెలుపుగా మారుతుంది. తెల్లబడిందంటే వేడి సుమారు 700, 800 డిగ్రీలు దాటిందని అర్థం. ఆ దశలో ఎముక కుదించుకుపోతుంది, అర్ధచంద్రాకారంలో పగుళ్ళు వస్తాయి. ఒక వయోజనుడి కాలిన ఎముకలు మొత్తం ఏరితే సాధారణంగా కిలోన్నర నుంచి రెండున్నర కిలోల దాకా తూగుతాయి. గుడిసె పాత్రలో అంతకంటే చాలా తక్కువ ఉంటే, చితి చల్లారాక అన్నీ ఏరలేదని, లేదా కొన్ని మాత్రమే ఎంచి పెట్టారని అనుకోవాలి. మన అస్థిసంచయనంలోనూ జరిగేది అదే గనుక తెలుగు పాఠకులకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు.

లింగనిర్ధారణకు చెవి వెనుక ఉబ్బెత్తు భాగం, కనుబొమ పైగట్టు, పుర్రె వెనుకభాగపు గట్టు, పుర్రె మందం, కటి ఎముక ముక్కలు ఉపయోగపడతాయి. చెవి లోపలి భాగాన్ని కప్పే ఎముక రాయిలాంటి గట్టిది. చితిలో కూడా తరచుగా నిలుస్తుంది. వయసుకు పుర్రె అతుకులు, పళ్ళ వేళ్ళు చూస్తారు. పంటి పైపూత వేడికి చిట్లి రాలిపోతుంది గానీ దవడలో దాగిన వేరు మిగులుతుంది. ఓసా అస్థికలను మార్షల్ బెకర్, లోరెతానా సల్వదేయి పరిశీలించారు. వారి అధ్యయనం 1992 నివేదికలోనే ఉంది. ఇలాంటి పరిశీలనలో "నిశ్చయంగా పురుషుడు", "బహుశా పురుషుడు", "చెప్పలేము" అనే మెట్లు ఉంటాయి. మ్యూజియం పలకలో ఆ మెట్లకు చోటుండదు.

సందేహి

మీ ఇద్దరి వివరణలూ చదివాక నా అనుమానం మరింత పెరిగింది. ఎముక సరిగ్గా చెప్పనిచోట వస్తువును బట్టి నిర్ణయిస్తారు. కదురు బిళ్ళ ఉంటే స్త్రీ, ఈటె ఉంటే పురుషుడు. ఆ తర్వాత అదే జాబితా చూపి "స్త్రీలకు కదురు బిళ్ళలు పెట్టేవారు" అని సూత్రీకరిస్తారు. ఇది తన తోకను తాను పట్టుకోవడం కాదా?

రెండో సంగతి కుటుంబం. పక్కపక్కన పూడ్చారు కాబట్టి రక్తబంధువులు అనడం ఊహ మాత్రమే. ఒక వృత్తివారు కావచ్చు, ఒక దేవతను కొలిచేవారు కావచ్చు, ఊరికి రెండు పేటలు ఉండి ఏ పేటవారు ఆ పేట వైపు పూడ్చుకుని ఉండవచ్చు. పైగా సమాధి చచ్చినవాడు కట్టుకున్నది కాదు. బతికున్నవారు నలుగురికీ ఏం చూపించదలచుకున్నారో అదే అందులో పెట్టారు. దాన్ని ఆ సమాజపు జనాభా లెక్కల పుస్తకంలా చదవడం నాకు మింగుడు పడదు.

తవ్వకాల_చిట్టా

ఆక్షేపణ న్యాయమైనదే, కొత్తది మాత్రం కాదు. ఎముకలను పరిశీలించినవారి తీర్పును ఒక పక్క, వస్తువుల కలయికలను మరో పక్క విడిగా నమోదు చేసి, ఆ తర్వాత రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూడడమే తోక పట్టుకోకుండా ఉండే మార్గం. ఎముకలు బాగా నిలిచిన సమాధులు వందల్లో ఉన్నప్పుడు వాటి మీద సూత్రం నిలబడుతుందో లేదో చూసి, ఎముకలు శిథిలమైన సమాధులకు ఆ తర్వాతే దాన్ని వర్తింపజేయవచ్చు. పది సమాధుల శ్మశానంలో ఈ పరీక్ష సాధ్యపడదు.

పిన్నీసుల ఉదాహరణ చూడండి. బట్టను భుజం దగ్గర పట్టి ఉంచే కంచు పిన్నీసులు అక్కడ ఆడవారికీ మగవారికీ ఇద్దరికీ ఉన్నాయి. విల్లులా వంగిన తీగ ఉన్నవి ప్రధానంగా స్త్రీల దగ్గర, పాములా మెలికలు తిరిగినవి పురుషుల దగ్గర కనిపిస్తాయి. ఎవరూ ముందుగా ఊహించి పెట్టుకోగల భేదం కాదది. ఈటె, కదురు లాంటి మన ముందస్తు అభిప్రాయాలు దాని మీద పనిచేయవు. ఎముకల తీర్పుతో సరిపోయింది కాబట్టే ఆ సూత్రం నిలిచింది.

కుటుంబం విషయంలో మీరు చెప్పిన పేటల ఊహను పూర్తిగా తోసిపుచ్చలేను. అయితే ప్రతి గుంపులోనూ పెద్దలు, ముసలివారు, ఆడవారు, పిల్లలు కలిసే ఉన్నారు. వృత్తిని బట్టి, హోదాను బట్టి ఏర్పడిన గుంపైతే ఈ మిశ్రమం ఇలా ఉండదు. పేట అనుకున్నా, వంద మంది పల్లెలో పేట అంటే దాదాపు చుట్టరికమే అవుతుంది.

లాటిన్_బడి

గ్రంథాధారాల వైపు నుంచి ఒక మాట. తవ్వకం లేకపోతే మనం రోమన్ రచయిత ప్లినీని నమ్మి ఉండేవాళ్ళం. క్రీ.శ. మొదటి శతాబ్దంలో తన ప్రకృతి చరిత్ర ఏడో భాగంలో ఆయన, దహనం రోమన్లకు ప్రాచీన ఆచారం కాదని, పూర్వం మట్టిలో పూడ్చేవారని, దూరదేశపు యుద్ధాల్లో పూడ్చిన శవాలను శత్రువులు తవ్వి తీస్తున్నారని తెలిశాక దహనం మొదలైందని రాశాడు. కొర్నేలియా వంశంలో రోమన్ నియంత సుల్లాకు ముందు ఎవరినీ దహనం చేయలేదన్న విషయం కూడా అక్కడే చెప్పాడు. తన ప్రత్యర్థి మారియుస్ శవాన్ని తవ్వించిన తనకూ అదే గతి పడుతుందేమోనన్న భయంతో సుల్లా దహనం కోరాడట. కొర్నేలియా వారి మాట నిజమే కావచ్చు. కానీ మొత్తం ఆచారం గురించి ప్లినీ చెప్పినది తప్పని ఓసా గోతులు, ఫోరంలో బోని తవ్వినవి తేల్చాయి. ఆయన పుట్టడానికి తొమ్మిది వందల ఏళ్ళ ముందే, ఆయన చెప్పిన యుద్ధాలకు ఎంతో ముందే, లాటియంలో ఊరి ముఖ్యులను దహనం చేస్తున్నారు. రోము తొలి లిఖిత చట్టమైన, క్రీ.పూ. 450 ప్రాంతపు పన్నెండు పట్టికల శాసనం "శవాన్ని నగరంలో పూడ్చరాదు, కాల్చరాదు" అని రెండు క్రియలూ కలిపి నిషేధించడం కూడా రెండు ఆచారాలూ పక్కపక్కన నడిచాయనడానికి సాక్ష్యమే.

గుడిసె పాత్రల గురించి మరొకటి. అవి కేవలం ఊహాచిత్రాలా, నిజమైన ఇళ్ళ నమూనాలా అన్న వాదన ఒకప్పుడు ఉండేది. 1948లో రోములోని పాలతీనో కొండ మీద సల్వతోరె పుల్యీసి తవ్వినప్పుడు టఫ్ అనే మెత్తని అగ్నిపర్వత రాతిలో తొలిచిన గుంజ గోతులు, వాననీటి కాలువలు, ముంగిలి గుంజల ఆనవాళ్ళు బయటపడ్డాయి. గుంజలు ఏనాడో చివికిపోయినా గోతుల వరుస నిలిచింది. కప్పు ఎలా ఉండేదో ఆ గోతులు చెప్పవు. మట్టి గుడిసెలు చెబుతాయి. మట్టి గుడిసెలు చెప్పని కొలతలను గోతులు చెబుతాయి. ఇళ్ళూ సమాధులూ ఇలా ఒకదాని లోటును ఒకటి పూరించే సందర్భాలు పురావస్తు శాస్త్రంలో అరుదు.

గోరింటాకు

ఇంతమంది మాట్లాడారు గానీ, పసిపిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ కాలపు పల్లెలో పుట్టినవారిలో చాలామంది ఏడాది తిరగకుండానే పోయేవారు కదా. వారి సమాధులు ఎక్కడ?

లాటిన్_బడి

పొదుపుగా అడిగినా మూలానికే తగిలే ప్రశ్న ఇది. శ్మశానంలో పసికందులు ఉండవలసినంత మంది లేరు. లాటియంలో ఇతరచోట్ల, ముఖ్యంగా రోములో, పసివాళ్ళను ఇళ్ళ మధ్యనే, గుడిసెల చూరు కింద పూడ్చిన ఉదాహరణలు దొరికాయి. చూరు కింది పూడికలకు లాటిన్‌లో ప్రత్యేకంగా సుగ్రుందారియా అనే పేరు కూడా ఉంది. పళ్ళు రాని పిల్లను దహనం చేయడం లోకాచారం కాదని ప్లినీ రాసిన వాక్యం కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. పళ్ళు రాని పిల్లలను దహనం చేయక పూడ్చడం మన ధర్మశాస్త్రాల్లోనూ, ఆంధ్ర, తెలంగాణ పల్లెల ఆచారంలోనూ ఉన్నదే. అంతమాత్రాన రెండింటికీ ఒకే మూలం అంటగట్టవద్దని మనవి. ఈ వేదికలో అలాంటి చర్చలు ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు.

సందేహి

అంటే శ్మశానం ఊరి జనాభాకు నకలు కాదని మీరే ఒప్పుకున్నట్టయింది. పసివాళ్ళు బయట, ఇంటిపెద్దలు నిప్పులో, మిగతావారు మట్టిలో. ఎవరిని ఎక్కడ పెట్టాలో బతికున్నవారు ఎంచారు.

తవ్వకాల_చిట్టా

ఒప్పుకోవడానికేముంది, ఆ ఎంపికే మనకు కావలసిన సమాచారం. నకలు అయితే అందులో సమాజపు నియమాలు కనిపించవు; తలలు మాత్రమే లెక్కకు వస్తాయి.

ఏకశిలా

తెలంగాణలో ఇదే ఇనుప యుగానికి చెందిన బృహత్‌శిలా సమాధులు వేల సంఖ్యలో ఉన్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళంటారు. నేటి కర్ణాటకలోని షోరాపూర్ సంస్థానంలో బ్రిటిష్ అధికారి మెడోస్ టేలర్ 1850ల్లోనే రాతి వలయాలను తవ్వి, గోతి లోపలి పొరలను నిలువుకోతలో చిత్రించి పెట్టాడు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1853లో, ఇటలీలో బొలోన్యా పక్కన విల్లనోవాలో జొవాన్ని గొజ్జదీని తన సొంత భూమిలో 193 సమాధులు తవ్వడం మొదలుపెట్టాడు. మొదలైన కాలం రెండుచోట్లా ఒకటే. ఓసా మాదిరి పద్ధతిని 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విన సిద్దిపేట జిల్లా నర్మెట్ట లాంటి చోట్ల యథాతథంగా వాడవచ్చా అన్నది నా ప్రశ్న.

తవ్వకాల_చిట్టా

యథాతథంగా కుదరదు. ఓసాలో తర్కమంతా ఒక గొయ్యికి ఒక మనిషి అన్న స్థితి మీద ఆధారపడి ఉంది. బృహత్‌శిలా సమాధుల్లో పలువురి ఎముకలు, వేరేచోట కుళ్ళనిచ్చి తెచ్చిన ఎముకలు, కొన్నిసార్లు అసలు ఎముకలే లేని గదులు కనిపిస్తాయి. ఏ పాత్ర ఎవరిదో చెప్పలేనప్పుడు వయసు, లింగం, వస్తువుల కలయికలను జతపరచలేము. నేర్చుకోదగినది ఒకటుంది. క్వారీలు, ప్లాట్లు మింగేలోపు ఒక్క మంచి వలయాన్ని ఎంచి తవ్వడం కాకుండా, ఒక మొత్తం శ్మశానాన్ని పటం మీదకు ఎక్కించి, ఖాళీ జాగాలతో సహా నమోదు చేసి, దొరికిన ప్రతి పెంకునూ ప్రచురించడం. ఓసా మూడు సంపుటాల బరువంతా అందులోనే ఉంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఒకరు బియెత్తి సెస్తియెరి నిర్ణయాలతో విభేదించదలచుకుంటే, అందుకు కావలసిన సామగ్రి ఆమే ఇచ్చిపోయారు.

లిపిప్రియ

482వ సమాధి గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నాను. ఆ ఒక్క సమాధి వల్ల ఓసా పేరు శాసన పరిశోధకులందరికీ తెలుసు. అక్కడే చేసిన, గుండ్రటి ఒంటిచెవి మట్టిపాత్ర మీద గ్రీకు అక్షరాలు ఐదు గీసి ఉన్నాయి. దాని కాలం క్రీ.పూ. 770 ప్రాంతమని సంప్రదాయికమైన లెక్క. గ్రీసులోనే పేరుపొందిన దిపిలోన్ పాత్ర శాసనం క్రీ.పూ. 740 ప్రాంతానిది, ఇస్కియా దీవిలో పితెకూసాయిలో దొరికిన నెస్తోర్ పాత్ర శాసనం అంతకంటే కొంత తర్వాతిది. అంటే గ్రీకు అక్షరాల అతి పాత నమూనాల్లో ఒకటి గ్రీకులు కాపురమున్న ఊళ్ళో కాకుండా లాటిన్ పల్లె శ్మశానంలో దొరికింది. దాన్ని ఎలా చదవాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. ఎడమ నుంచి చదివి గ్రీకు మాట అన్నవారూ, కుడి నుంచి చదవాలన్నవారూ ఉన్నారు.

అది స్త్రీ దహన సమాధి కావడం అంతకంటే విచిత్రం. పైన చెప్పిన నియమం ప్రకారం దహనం పురుషులకు కదా?

తవ్వకాల_చిట్టా

ఆ నియమం తొలి దశది. 482 రెండో దశ చివరిది. అప్పటికి కొన్ని తరాలు గడిచాయి, సముద్రతీరానికి గ్రీకు వర్తకులు రావడం మొదలైంది, శ్మశానంలో కొత్త గుంపులు ఏర్పడ్డాయి, పాత నియమాలు సడలాయి. ఆమె ఎవరో, ఆ అక్షరాలు ఆమెకు తెలుసో లేదో పాత్ర చెప్పదు. బయటి ఊరి నుంచి కోడలిగా వచ్చిందన్న కథ అల్లడం సులభమే గానీ, దానికి ఆధారం కావాలి.

అస్థిశాస్త్రం

ఆధారం వెతికే దారి ఒకటి ఉంది. దహనమైన ఎముకలో డీఎన్ఏ నిలవదు. అందువల్ల జన్యు పరిశోధనకు దొరికేవారు ఖననమైనవారే. రోము ప్రాంతపు జన్యు చరిత్రపై 2019లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధనలో 29 స్థలాలకు చెందిన 127 మంది నమూనాలు ఉన్నాయి. అలాంటి ఏ సేకరణలోనైనా తొలి ఇనుప యుగపు దహనమైన ఇంటిపెద్దలు సహజంగానే జారిపోతారు. రెండు గుంపులూ రెండు రక్తసంబంధ కుటుంబాలా అన్న సందేహి గారి ప్రశ్నకు జన్యువుల ద్వారా సమాధానం వచ్చినా, నడిబొడ్డున ఉన్నవారి వాటా అందులో ఖాళీగానే ఉంటుంది.

అయితే తెల్లగా కాలిన ఎముకలో స్ట్రాన్షియం మూలకపు ఐసోటోపుల (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువుల) నిష్పత్తి చెదరకుండా నిలుస్తుందని ఇటీవలి దశాబ్దంలో రుజువైంది. అధిక వేడికి ఎముక స్ఫటిక నిర్మాణం బిగుసుకుపోయి, తర్వాత మట్టిలోని నీరు దాన్ని అంతగా మార్చలేకపోవడమే కారణం. ఆ నిష్పత్తి మనిషి తిన్న పంట పండిన నేలను బట్టి ఉంటుంది. లాటియం అగ్నిపర్వత నేలకూ, తూర్పున అపెనైన్ సున్నపురాతి నేలకూ తేడా ఉంది కాబట్టి కొండల నుంచి వచ్చినవారిని కొంతవరకు పట్టుకోవచ్చు. సాధారణ ఎముక చివరి కొన్నేళ్ళ తిండిని చెబుతుంది. చెవి లోపలి గట్టి ఎముక చిన్ననాటిలోనే ఏర్పడి తర్వాత మారదు కాబట్టి బాల్యాన్ని చెబుతుంది. కాలిన సమాధిలో ఈ రెండూ దొరికితే మనిషి ఊరు మారాడో లేదో తెలుస్తుంది.

సందేహి

ఇది నాకు నచ్చింది. వస్తువును బట్టి కాక నేలను బట్టి చెప్పే సాక్ష్యం కాబట్టి. కాలనిర్ణయం మాటేమిటి? అందరూ "సంప్రదాయికంగా" అన్న మాటను అడ్డం పెట్టుకుని రాస్తున్నారు.

తవ్వకాల_చిట్టా

అడ్డం పెట్టుకోక తప్పదు. లాటియం దశల తేదీలు మొదట గ్రీకు కుండల తేదీల మీద ఆధారపడి లెక్కించినవి. ఆ తర్వాత రేడియోకార్బన్ పరీక్షలు తొలి దశలను కొన్ని దశాబ్దాలు వెనక్కి జరపాలని సూచించాయి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు ఈ వాదనకు ముందు నిలిచారు. వెనక్కి జరిపితే 482వ సమాధిలోని అక్షరాలు కూడా వెనక్కి జరుగుతాయి, అప్పుడు గ్రీకు లిపి పుట్టుక గురించిన లెక్కలన్నీ కదలవలసి వస్తుంది. అందుకే ఇరుపక్షాలూ పట్టు వదలవు. క్రీ.పూ. 800 నుంచి 400 వరకు రేడియోకార్బన్ కొలతను క్యాలెండర్ ఏళ్ళలోకి మార్చే వక్రరేఖ దాదాపు చదునుగా ఉండడం మరో చిక్కు; ఆ కాలపు ఎముకను ఎంత జాగ్రత్తగా పరీక్షించినా సమాధానం కొన్ని శతాబ్దాల వెడల్పుతో వస్తుంది. అందుచేత తొలి దశకు రేడియోకార్బన్ ఉపయోగపడినంతగా తర్వాతి దశలకు ఉపయోగపడదు.

కృష్ణాతీరం

ఉత్తర, దక్షిణ గుంపులు తర్వాతి కాలంలో ఏమయ్యాయి? మ్యూజియంలో చివరి అరలకు వచ్చేసరికి వస్తువులు పలచబడ్డాయి.

తవ్వకాల_చిట్టా

8వ శతాబ్దంలో అమరిక మారిపోతుంది. తొలి దశలో ఎవరి గొయ్యి వారిది. పాత సమాధిని కొత్తది తాకేది కాదు. తర్వాతి దశల్లో ఒకచోట సమాధులు ఒకదాని మీద ఒకటి, ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ ఇరుకైన జాగాలో గుమిగూడతాయి. బయట స్థలం లేక కాదు. చుట్టూ ఖాళీ ఉంది. మనవాళ్ళ మీదనే, మనవాళ్ళ పక్కనే పడుకోవాలన్న పట్టుదల అది. చిన్న కుటుంబాలను దాటి, ఒక పూర్వీకుడి పేరు చెప్పుకునే పెద్ద వంశం ఏర్పడడానికి, అంటే తర్వాతి రోములో గెన్స్ అని పిలిచే వ్యవస్థకు, ఇది ఆరంభమని బియెత్తి సెస్తియెరి భావించారు. ఆమె సిద్ధాంతంలో ఎక్కువ చర్చకు గురైన భాగం ఇదే. గుంపు ఉందన్నది తిరుగులేని విషయం. దానికి గెన్స్ అని పేరు పెట్టడానికి మాత్రం నాలుగైదు వందల ఏళ్ళ తర్వాతి చట్టాల భాష అరువు తెచ్చుకోవలసి వస్తుంది. నేను గుంపు దగ్గరే ఆగుతాను.

లాటిన్_బడి

పలచబడడానికి కారణం ఓసా ఒక్కదానిది కాదు. క్రీ.పూ. 580 ప్రాంతం నుంచి లాటియం మొత్తంలో సమాధుల్లో వస్తువులు పెట్టడం దాదాపుగా ఆగిపోతుంది. చాలాకాలం పండితులు దీన్ని పేదరికం అనుకున్నారు, లేదా ఆ శతాబ్దపు సమాధులు ఇంకా దొరకలేదని సరిపెట్టుకున్నారు. సమాధులు ఉన్నాయి గానీ వస్తువులు లేనందువల్ల వాటి కాలం గుర్తించలేకపోయామని 1977లో జొవాన్ని కొలోన్నా చూపించాడు. సరిగ్గా ఆ కాలంలోనే రాతి పునాదుల గుళ్ళు, మట్టి పలకల అలంకరణ, బహిరంగ కట్టడాలు పెరుగుతున్నాయి. ఖర్చు గోతి నుంచి గుడికి మారింది.

పన్నెండు పట్టికల్లో అంత్యక్రియల ఆడంబరాన్ని అదుపు చేసే నియమాలు ఉన్నాయి. చితి కట్టెలను గొడ్డలితో నునుపు చేయరాదు, ఆడవారు చెంపలు రక్కుకోరాదు, శవంతో పాటు బంగారం పెట్టరాదు. ఆ చివరి నియమానికి ఒక మినహాయింపు కూడా రాశారు: చనిపోయినవారి పళ్ళు బంగారు తీగతో కట్టి ఉంటే, ఆ బంగారంతో సహా పూడ్చినా కాల్చినా నేరం కాదు. శాసనకర్తలకు ఆ మినహాయింపు రాయవలసిన అవసరం వచ్చిందంటే అలాంటి పళ్ళు ఉన్నవారు ఊళ్ళో ఉన్నారన్నమాట. ఆ బంగారు పట్టీలు లాటియానికి ఉత్తరాన ఉండిన ఎత్రుస్కన్ ప్రజల సమాధుల్లో దొరికాయి. ఓసా ఎముకలు పరిశీలించిన బెకర్ తర్వాతి కాలంలో వాటి మీద కూడా వరుసగా వ్యాసాలు రాశాడు. అస్థిశాస్త్రం గారికి అవి ఆసక్తి కలిగించవచ్చు.